జెండా తగలబెడితే అది మాట్లాడినట్టా, నేరమా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడండి. మొన్న ఫోన్‌లో, అక్కడ జెండా కాల్చడం నేరం కాదు నాన్నా, అది భావప్రకటన స్వేచ్ఛ అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మరి ట్రంప్ ఏడాది జైలు అన్నాడు కదా? మన దగ్గరైతే ఏమవుద్ది?
*రిటైర్డ్ టీచర్, సత్యనారాయణపురం, విజయవాడ*

జవాబు: మాస్టారూ, మీ అబ్బాయి చెప్పింది కరెక్టే, పైగా ఆ గొడవ మొదలైంది కూడా వాళ్ళ డల్లాస్‌లోనే. 1984లో అక్కడ రిపబ్లికన్ పార్టీ మహాసభ జరుగుతుంటే గ్రెగరీ లీ జాన్సన్ అనే ఆయన సిటీ హాల్ ముందు అమెరికా జెండా తగలబెట్టాడు, టెక్సాస్‌లో ఏడాది జైలు, 2000 డాలర్ల ఫైన్ వేశారు, కేసు సుప్రీంకోర్టు దాకా పోయి 1989లో 5-4 తేడాతో ఆయనే గెలిచాడు. అక్కడి కాంగ్రెస్ ఊరుకోకుండా వెంటనే కొత్త చట్టం చేసింది, 1990లో కోర్టు దాన్ని కూడా 5-4తోనే కొట్టేసింది. రాజ్యాంగాన్నే సవరిద్దామని 2006లో సెనేట్‌లో ఓటింగ్ పెడితే 66 ఓట్లు పడ్డాయి, ఒక్క ఓటు తక్కువై ఆగిపోయింది.

ట్రంప్ సంగతికొస్తే, 2025 ఆగస్టు 25న ఆయన ఆర్డర్ మీద సంతకం పెట్టిన మాట నిజం. ఏడాది జైలు అని నోటితో అన్నాడు గానీ ఆర్డర్‌లో ఆ శిక్ష లేదు. జెండా కాల్చేటప్పుడు వేరే చట్టం ఏదైనా తప్పితే, అంటే ఆస్తి నష్టం, హింసకి రెచ్చగొట్టడం లాంటివి ఉంటే ఆ కేసులు గట్టిగా పెట్టమని, జెండాని అవమానించిన విదేశీయులైతే చట్టం ఒప్పుకున్నంతవరకు వీసాలు రద్దు చెయ్యమని ఉంది. ప్రెసిడెంట్ సంతకంతో సుప్రీంకోర్టు తీర్పు రద్దు కాదు కదండీ.

ఈ మొత్తంలో నాకు బాగా గౌరవం కలిగింది అమెరికా సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ స్కాలియా మీద. పక్కా కన్జర్వేటివ్, జెండా కాల్చేవాళ్ళంటే అసలు పడదు, నా ఇష్టమైతే వాళ్ళందర్నీ జైల్లో పెట్టేవాణ్ణి, కానీ నేను రాజుని కాదు అని తర్వాత బహిరంగంగానే చెప్పాడు. అలాంటాయన 1989లో జాన్సన్ వైపే ఓటేశాడు. తనకి నచ్చని మనిషికి తన ఓటుతో రక్షణ ఇవ్వడం చిన్న విషయం కాదు, మన టీవీ డిబేట్లు చూస్తుంటే అది ఇంకా పెద్దగా కనిపిస్తది.

మన దగ్గర జాతీయ గౌరవానికి అవమానం జరక్కుండా చేసిన 1971 చట్టం ఉంది. పబ్లిక్‌లో జాతీయ జెండా కాల్చినా, చింపినా, తొక్కినా 3 ఏళ్ళ దాకా జైలు, లేదా ఫైన్, లేదా రెండూ. అయితే జెండా మీదా, రాజ్యాంగం మీదా, ప్రభుత్వం మీదా చట్టబద్ధంగా మార్పు కోరుతూ చేసే విమర్శ నేరం కాదని అదే సెక్షన్‌లో రాసుంది, ఆ ముక్క ఎవరూ చదవరు. పింగళి వెంకయ్య గారు గాంధీగారికి జెండా నమూనా ఇచ్చింది 1921లో మన బెజవాడలోనే, కాబట్టి మీకు ఒళ్ళు మండటం నాకు తెలుసు, నాకూ మండుద్ది. అయినా ఎవరికీ దెబ్బ తగలనప్పుడు, ఎవరి ఆస్తీ పోనప్పుడు 3 ఏళ్ళు జైల్లో పెట్టడం ఎక్కువనే నా అభిప్రాయం.

ప్రశ్న: సార్, అమెరికాలో దేశం జెండా కాలిస్తే స్వేచ్ఛ అంటారు, చర్చి దగ్గర ఎల్జీబీటీ జెండా కాల్చినోడికి మాత్రం 16 ఏళ్ళు జైలు వేశారంట. ఇక్కడా అంతే, మా పార్టీ వాళ్ళు దిష్టిబొమ్మ కాలిస్తే కేసులు, వాళ్ళు కాలిస్తే పోలీసులే పక్కన నిలబడి చూస్తారు. ఇది డబుల్ స్టాండర్డ్ కాదా?
*ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు*

జవాబు: మీరు ఏ పార్టీయో రాయలేదు, రెండు పార్టీల వాళ్ళూ అక్షరం మార్చకుండా ఇదే ఉత్తరం రాయగలరు, నా బాధ కూడా అదే.

ముందు అమెరికా కేసు. అది 2019లో అయోవా రాష్ట్రంలో జరిగింది. ఆ మనిషి చర్చి వాళ్ళ జెండా ఎత్తుకెళ్ళి కాల్చాడు, అంటే వేరేవాళ్ళ వస్తువు, దానికి ద్వేషనేరం సెక్షన్ కలిసింది, పాత నేరాలున్నాయని శిక్ష ఇంకా పెరిగింది. జాన్సన్ కేసుతో దీన్ని పక్కపక్కన పెట్టలేం. కానీ ఒక జెండాకి దాదాపు 16 ఏళ్ళా అంటే నాకూ మింగుడు పడట్లేదు, అదే మనిషి సొంత డబ్బుతో కొన్న జెండా తన పెరట్లో కాల్చుకుంటే వదిలెయ్యాల్సిందే అని ఆ తీర్పుకి చప్పట్లు కొట్టినవాళ్ళు కూడా ఒప్పుకోవాలి, ఒప్పుకోకపోతే మీరన్న డబుల్ స్టాండర్డ్ అక్కడుంది.

ఇక మన సంగతి. 2020 భోగికి చంద్రబాబు గారు విజయవాడలో మూడు రాజధానుల కమిటీ రిపోర్టుల కాపీలు మంటల్లో వేశారు. 2022 డిసెంబర్ చివర్లో కందుకూరు తొక్కిసలాటలో 8 మంది, కొత్త సంవత్సరం రోజున మన గుంటూరులో 3 మంది చనిపోయాక అప్పటి ప్రభుత్వం రోడ్ల మీద సభలు కట్టడి చేస్తూ జీవో 1 తెచ్చింది. 2023 భోగికి ఆ జీవో కాపీలు కాలాయి, మే నెలలో హైకోర్టు ఆ జీవోనే కొట్టేసింది. అప్పుడు ప్రాణాలు ముఖ్యం, రోడ్ల మీద సభలేంటి అన్నవాళ్ళు ఇవాళ రాజ్యాంగంలో భావప్రకటన స్వేచ్ఛ ఇచ్చే 19(1)(ఎ) గురించి మాట్లాడుతున్నారు, అప్పుడు 19(1)(ఎ) చదివి వినిపించినవాళ్ళకి ఇవాళ ధర్నా అంటే శాంతిభద్రతలు గుర్తొస్తున్నాయి. కండువాలు మారితే హక్కులు మారతాయా అండీ? నాకు నిజంగా కోపం వచ్చేది ఇక్కడే, ఎందుకంటే మధ్యలో కేసుల్లో ఇరుక్కుని వాయిదాలకి తిరిగేది మామూలు కార్యకర్త.

మీ ఊళ్ళోనే పాకిస్తాన్ వ్యవస్థాపకుడి పేరున్న జిన్నా టవర్ చూడండి. 2022 జనవరి 26న అక్కడ జెండా ఎగరేద్దామని వెళ్ళినవాళ్ళని పోలీసులు పట్టుకెళ్ళారు, వారం తిరక్కుండా టవర్‌కి మూడు రంగులు పడ్డాయి, ఫిబ్రవరి 3న ప్రభుత్వమే అక్కడ జెండా ఎగరేసింది. జెండా ఎగరెయ్యడం కూడా భావప్రకటనేనని, అది పౌరుడి హక్కని 2004లో నవీన్ జిందాల్ కేసులో మన సుప్రీంకోర్టు చెప్పింది, 1971 చట్టానికి లోబడే అనుకోండి. జెండా పైకెత్తడం ఒక మాట అయితే దాన్ని కాల్చడం కూడా ఒక మాటే అవుద్ది, చెడ్డ మాట, మనసుకి గుచ్చుకునే మాట, కానీ మాటే.

ఇంకొక్కటి. కేరళలో యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖ పిల్లలు జనగణమన పాడలేదని స్కూల్ నుంచి పంపేస్తే, లేచి నిలబడ్డారు కదా, అగౌరవం ఎక్కడుంది అని 1986లో తీర్పు రాసింది మన తెలుగు జడ్జి ఓ. చిన్నప్పరెడ్డి గారే. ఆ పిల్లల వెనక ఓట్లూ లేవు, పార్టీ కూడా లేదు.

ప్రశ్న: చైనా జెండా కాలిస్తే మన దేశంలో నేరమా?
*డిగ్రీ విద్యార్థి, మొగల్రాజపురం*

జవాబు: 1971 చట్టం మన జాతీయ జెండాకే వర్తిస్తది. 2020లో గల్వాన్ తర్వాత దేశమంతా చైనా జెండాలు కాల్చారు. నడిరోడ్డు మీద మంట పెట్టి ట్రాఫిక్ ఆపితే వేరే సెక్షన్లు పెట్టొచ్చు, అది వేరే సంగతి. అయితే ఇక్కడ అది మన కోపం అనుకుని, వేరే దేశంలో ఎవరో మన జెండా కాలిస్తే ఆ దేశం వాళ్ళని ఎందుకు జైల్లో వెయ్యలేదని అడిగేముందు కొంచెం ఆలోచించండి.

ప్రశ్న: ఆగస్టు 15 అయ్యాక మా అపార్ట్‌మెంట్‌లో చిరిగిన జెండాలు మిగిలిపోతాయండి. ఏం చెయ్యాలి?
*గృహిణి, పటమట*

జవాబు: 2002 ఫ్లాగ్ కోడ్ ప్రకారం పాడైన జెండాని నలుగురి ముందూ కాకుండా మొత్తంగా నాశనం చెయ్యాలమ్మా, వీలైతే కాల్చి. అవును, కోడ్ చెప్పే పద్ధతి కూడా కాల్చడమే, గౌరవంగా చెయ్యాలి అంతే. కాగితం జెండాలు కింద పారెయ్యకుండా సాయంత్రమే పిల్లల దగ్గర తీసుకుని ఒకచోట పెట్టండి. పాలిస్టర్ జెండాలకి 2021 చివర్లో అనుమతి వచ్చింది, ప్లాస్టిక్‌కి కోడ్‌లో చోటు లేదు, కాబట్టి వచ్చే ఏడాది సెంటర్లో అమ్మే ప్లాస్టిక్‌వి కొనొద్దని మీ అసోసియేషన్ వాళ్ళకి ముందే చెప్పండి.