పిల్లల తల్లిదండ్రులే ట్రస్టు పెట్టి అరుదైన వ్యాధిపై పరిశోధనకు డబ్బు ఇస్తే ఫలితం ఉంటుందా?

ఉంటుంది. మా అక్కా బావా అలాంటి ట్రస్టే నడుపుతున్నారు. మా మేనల్లుడికి డుషెన్ మస్క్యులర్ డిస్ట్రఫీ ఉంది, కండరాలు ఏటికేడు బలహీనపడే జన్యు వ్యాధి. మీ చెల్లెలి కుటుంబం కూడా ట్రస్టు పెట్టాలనుకుంటోందని, పోగయ్యే కొద్దిపాటి డబ్బుతో ఏం జరుగుతుందని అడిగారు. నా దృష్టిలో డబ్బుది రెండో స్థానం. పిల్లల్ని ఏళ్ల తరబడి ఒకే పద్ధతిలో కొలిచి, ఆ లెక్కలు పరిశోధకుల చేతిలో పెట్టడం ముఖ్యం. కుటుంబాలు పూనుకోకపోతే ఆ పని ఎవరూ చేయరు.

అక్కవాళ్ల ట్రస్టు మొదటి ఖర్చు ఎలుకల మీద ప్రయోగాలకు కాదు. కుటుంబాల ప్రయాణ ఖర్చులకు, ఒక ఫిజియోథెరపిస్టుకు ఇచ్చారు. ఆ కొలతలు తీసేటప్పుడు వీడియో తీసే పని నాది. పిల్లాణ్ణి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ‘లే నాన్నా’ అనగానే ఆ ఫిజియోథెరపిస్టు స్టాప్‌వాచ్ నొక్కుతుంది. వాడు ముందు బోర్లా తిరుగుతాడు. రెండు చేతులూ నేలకు ఆనించి నడుము పైకెత్తుతాడు. తర్వాత ఒక చెయ్యి మోకాలి మీద, ఇంకోటి తొడ మీద వేసి, తన ఒంటిని తానే ఎక్కుతున్నట్టు పైకి వస్తాడు. నిటారుగా నిలబడ్డాకే వాచ్ ఆపాలి. ఒకసారి వాడు సగం లేచి ఊగుతుంటే అక్క గబుక్కున చెయ్యి చాపింది. ‘ముట్టుకోకండమ్మా, ఆ రీడింగ్ ఇక పనికిరాదు’ అందావిడ. అక్క చెయ్యి వెనక్కి లాక్కుంది. వాడు ఎలాగో నిలబడి, ‘మామయ్యా, ఎంతొచ్చింది? పోయినసారి కంటే తక్కువేనా?’ అన్నాడు. ఎక్కువే వచ్చింది. నేను నీళ్లు నములుతుంటే అక్కే ‘ఉన్నదే చెప్పరా, చెప్పి రాసుకో’ అంది.

నేల మీంచి లేవడానికి పట్టే ఆ సమయం చిన్న విషయం కాదు. 2023 అక్టోబరులో అమెరికాలో మందులకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ డుషెన్‌కు వామొరొలోన్ అనే మందును ఆమోదించింది. దాని ట్రయల్‌లో ప్రధానంగా చూసింది పిల్లలు నేల మీంచి ఎంత వేగంగా లేస్తున్నారనే. ఆ మందును తయారుచేసిన రెవెరాజెన్ అనే చిన్న కంపెనీకి డబ్బు పెట్టినవాళ్లలో తల్లిదండ్రులు పెట్టిన సంస్థలు చాలానే ఉన్నాయి. 2016లో ఆమోదం పొందిన మరో డుషెన్ మందు ఎటెప్లిర్‌సెన్ సంగతి చూడండి. ప్రధాన ట్రయల్‌లో ఉన్నది 12 మంది అబ్బాయిలే. వాళ్లను పోల్చి చూసింది ఇటలీ, బెల్జియంలలో ఆ మందు వాడని పిల్లల పాత రికార్డులతో. ఆ ఆమోదం మీద ఇప్పటికీ వాదనలున్నాయి, అది వేరే కథ. రికార్డులే లేకపోతే పోల్చడానికి ఏముండేది?

బంధువుల మాటలు కూడా చెప్పాలి. ‘తల్లి వైపు నుంచే వచ్చింది’ అని అక్క మొహం మీదే అన్నవాళ్లున్నారు. డుషెన్‌లో దాదాపు మూడో వంతు కేసుల్లో జన్యువులో మార్పు బిడ్డలోనే కొత్తగా వస్తుంది, తల్లిలో ఉండదు. ఉన్నా అది ఆమె తప్పెలా అవుతుంది? విరాళం ఇస్తామని ఫోన్ చేసి, పిల్లాడు ఏడుస్తున్న ఫొటో పంపమనేవాళ్లు ఇంకో రకం. బావ అలాంటి డబ్బు వద్దంటాడు. నేనైతే ఫోన్ పెట్టేస్తాను.

ట్రస్టు ఇచ్చిన మొదటి గ్రాంటు తీసుకున్న ల్యాబ్ చివర్లో పల్చటి రిపోర్టు ఒకటి పంపింది. కొలతల డేటా అడిగితే పేపర్ ప్రచురించేదాకా ఇవ్వలేమంది. అవి మా పిల్లల కాళ్ల కొలతలు! ఇప్పుడు డేటా పంచుకుంటామని రాసి సంతకం పెట్టని ల్యాబ్‌కు అక్క పైసా ఇవ్వదు. నన్నడిగితే ఏ కుటుంబ ట్రస్టూ మొదటి రెండు మూడేళ్లు ల్యాబ్ గ్రాంట్ల జోలికే పోకూడదు.

ఎఫ్‌డీఏ లాంటి పెద్ద సంస్థలతో చిన్న సంస్థ ఏం మాట్లాడగలదనే సందేహం కూడా అక్కర్లేదు. పాట్ ఫర్లాంగ్ అనే నర్సు ఇద్దరు కొడుకులకూ డుషెన్ ఉండటంతో 1994లో అమెరికాలో ఇంకొందరు తల్లిదండ్రులతో కలిసి పేరెంట్ ప్రాజెక్ట్ మస్క్యులర్ డిస్ట్రఫీ పెట్టారు. ఆ ఇద్దరూ టీనేజీలోనే పోయారు. ఆవిడ పని ఆపలేదు. డుషెన్ మందుల ట్రయల్స్ ఎలా ఉండాలో మార్గదర్శకాల ముసాయిదా తయారుచేసి 2014లో ఎఫ్‌డీఏకు ఇచ్చింది ఆ సంస్థే.

మీ చెల్లెలి పాపకు ఏ వ్యాధో మీరు రాయలేదు. ఏదైనా సరే, జన్యు పరీక్ష పూర్తి రిపోర్టు దగ్గర పెట్టుకోండి. సారాంశం పేజీ ఒక్కటే ఉంటే చాలదు, జన్యువులో మార్పు సరిగ్గా ఎక్కడుందో ఆ రిపోర్టులో ఉండాలి. ఎటెప్లిర్‌సెన్ లాంటి మందు డుషెన్ పిల్లల్లో సుమారు 13 శాతం మందికే పనికొస్తుంది, ఎవరికన్నది ఆ ఒక్క వివరమే తేలుస్తుంది. తర్వాత అదే వ్యాధి ఉన్న ఇంకో కుటుంబాన్ని వెతికి, ఇద్దరు పిల్లలకూ ఒకే కొలత ఒకే పద్ధతిలో తీయించడం మొదలుపెట్టండి. ట్రస్టు రిజిస్ట్రేషన్ ఆ తర్వాత చూసుకోవచ్చు.