ఐడ్లింగ్ తగ్గలేదు, 17,800 రూపాయలు అయిపోయాయి: షెడ్డు మీద కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది తిరుపతి. 2008 మోడల్ పెట్రోల్ కారు వాడుతున్నాను. ఎనిమిది నెలల కింద ఇంజన్ వేడెక్కిన తర్వాత కూడా ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజన్ తిరిగే వేగం) నిమిషానికి 1,800 చుట్ల దగ్గరే ఉండిపోయేది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసినా బండి రేజ్ అవుతూనే ఉండేది. బ్రేక్ పెడల్ కూడా గట్టిపడింది. రెండు సంగతులూ ఇక్కడి ఒక షెడ్డు వాళ్లకు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టి చెప్పాను. ముందు ఐడ్లింగ్‌ను సర్దే ఐడిల్ వాల్వు మార్చారు. పది రోజులకు, ఇంజన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీ మొత్తం మార్చారు. మొత్తం 17,800 రూపాయలు అయింది, కడితేనే తాళం ఇస్తామన్నారు. ఐడ్లింగ్ మాత్రం తగ్గలేదు. చివరికి చిత్తూరులో మా బావమరిదికి తెలిసిన మెకానిక్, బ్రేక్ బూస్టర్‌కు (పెడల్ తొక్కే బలాన్ని పెంచే భాగానికి) వెళ్లే రబ్బరు పైపు చిట్లిందని చూసి 450 రూపాయలకు మార్చాడు. ఆ రోజే ఐడ్లింగ్ 850కి దిగింది. షెడ్డు వాళ్లను అడిగితే ‘వేసిన సామాను నీ బండిలోనే ఉంది కదా’ అంటున్నారు. తెల్లకాగితం మీద రాసిచ్చిన చీటీ తప్ప బిల్లు లేదు. చీటింగ్ కేసు పెట్టమని కొందరంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: చీటింగ్ కేసు ఆలోచన మానుకోండి. మోసం అనాలంటే మొదటి నుంచే మిమ్మల్ని ముంచాలన్న ఉద్దేశం వాళ్లకు ఉందని చూపించాలి. రోగం కనుక్కోలేకపోవడం మోసం కాదు. స్టేషన్ చుట్టూ తిరిగితే నెలలు పోతాయి, చేతికి రూపాయి రాదు. మీ దారి వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ‘సేవలో లోపం’ అని ఫిర్యాదు వేయవచ్చు.

అయితే ఒక మాట మొదటే చెప్పాలి. బండి బాగుపడలేదు కాబట్టి సేవలో లోపం ఉన్నట్టే అని చాలామంది అనుకుంటారు. కమిషన్ అలా చూడదు. ఆ పని తెలిసిన మనిషి మామూలుగా చూపించే జాగ్రత్త వీళ్లు చూపించారా లేదా అన్నదే ప్రశ్న. పాత పెట్రోల్ బండికి ఐడ్లింగ్ పెరగడానికి కారణాలు చాలా ఉంటాయి. యాక్సిలరేటర్ కేబుల్ బిగుసుకుపోవచ్చు, థ్రాటిల్ బాడీలో మసి పేరుకోవచ్చు, ఐడిల్ వాల్వు ఇరుక్కుపోవచ్చు, కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ తప్పు చెప్పవచ్చు, ఎక్కడో గాలి లాగేస్తూ ఉండవచ్చు. అందుకే మెకానిక్ మొదటిసారి ఐడిల్ వాల్వు మీద అనుమానపడ్డాడంటే దాన్ని తప్పు అనలేం. ఆ వాల్వు డబ్బు తిరిగి వస్తుందని నేను మీకు మాట ఇవ్వను.

మీ కేసుకు బలమంతా మీరు మామూలుగా రాసిన ఆ బ్రేక్ పెడల్ మాటలోనే ఉంది. బ్రేక్ బూస్టర్ పనిచేసేది, ఇంజన్ గాలిని పీల్చుకోవడం వల్ల పైపులో ఏర్పడే వాక్యూమ్ మీద. ఆ పైపు చిట్లితే రెండు జరుగుతాయి. బూస్టర్‌కు బలం చాలక పెడల్ గట్టిపడుతుంది. థ్రాటిల్‌తో సంబంధం లేకుండా ఇంజన్‌లోకి అదనపు గాలి పోతుంది, దానికి తగ్గట్టు ఇసియు (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) పెట్రోల్ కూడా పెంచుతుంది కాబట్టి ఐడ్లింగ్ లేస్తుంది. ఈ రెండూ ఒకేసారి వచ్చాయని చెప్పినప్పుడు ముందుగా చూడాల్సింది ఆ పైపే. ఇంజన్ ఆన్‌లో పెట్టి చెవి పెడితే చాలాసార్లు ‘సుయ్’మని శబ్దం వినిపిస్తుంది. పైపును కాసేపు నొక్కి పట్టుకుంటే ఐడ్లింగ్ దిగుతుంది. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష చేయకుండా, వాల్వు మార్చినా తగ్గలేదని తెలిసి కూడా, రెండోసారి థ్రాటిల్ బాడీ మొత్తం మార్చారు. లోపం అని నేను వాదించేది అక్కడే. పైగా బ్రేకు సరిగా లేని బండిని అలాగే మీ చేతికిచ్చి పంపారు. డబ్బు సంగతి కంటే నాకు ఇదే ఎక్కువ బాధ కలిగించింది. ఆ బండితో ఘాట్ రోడ్డు దిగి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. ఫిర్యాదులో ఈ విషయం విడిగా, స్పష్టంగా రాయండి.

సామాను బండిలోనే ఉంది కదా అన్న వాళ్ల మాటలో కొంత నిజం ఉంది. కొత్త థ్రాటిల్ బాడీ ఉపయోగం మీకు ఎంతో కొంత మిగిలే ఉంది. అందుకే మొత్తం 17,800 అడిగినా, కమిషన్ థ్రాటిల్ బాడీ ఖరీదు, దాని కూలి, కొంత పరిహారం, ఖర్చులు ఇప్పిస్తే అది మంచి ఫలితమే అనుకోండి. పాత థ్రాటిల్ బాడీ మీకు తిరిగి ఇచ్చారా? ఇవ్వకపోతే అడగండి, అది మీ సొత్తు. అది మంచిదేనని ఇంకో మెకానిక్ రాసిస్తే మీ వాదనకు గట్టి ఆధారం అవుతుంది.

తాళం ఆపడం గురించి. పని చేసినవాడు కూలి వచ్చేదాకా వస్తువును తన దగ్గర ఉంచుకోవచ్చని 1872 కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి ఆ ఒక్క విషయం మీద గొడవ పెట్టుకోకండి. కానీ డబ్బు కట్టి బండి తెచ్చుకున్నంత మాత్రాన మీ హక్కు పోదు.

బిల్లు లేదని భయపడొద్దు. బిల్లు ఇవ్వకపోవడాన్ని అనుచిత వ్యాపార పద్ధతిగా వినియోగదారుల రక్షణ చట్టం 2(47) సెక్షన్ చెబుతోంది. తప్పు వాళ్లదే. తెల్లచీటీ, ఫోన్‌లో డబ్బు పంపి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంట్, వాయిస్ మెసేజ్ చాలు. ఆ మెసేజ్ ఉన్న ఫోన్ మార్చకండి, చాట్ చెరిపేయకండి.

అన్నిటికంటే ముఖ్యం చిత్తూరు మెకానిక్. బండి వచ్చినప్పుడు ఐడ్లింగ్ ఎంత ఉంది, పైపు ఎక్కడ చిట్లింది, మార్చాక ఎంతకు వచ్చింది అన్నవి తేదీ వేసి రాయించి సంతకం తీసుకోండి. తర్వాత దాన్నే అఫిడవిట్ చేయించవచ్చు. మనవాళ్లు సాక్ష్యం అంటే వెనకాడతారు, ఆయనకు ముందే ఓపికగా చెప్పి ఒప్పించండి. బంధువు తెలిసినవాడు కాబట్టి అవతలివాళ్లు అదే పట్టుకుంటారు. అందుకే రాతలో అభిప్రాయాలు వద్దు, చూసిన సంగతులు మాత్రమే ఉండాలి.

ఇక పద్ధతి చాలా సులువు. ముందు షెడ్డు యజమానికి 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. మీరే తెలుగులో రాసుకోవచ్చు. కొందరు ఆ నోటీసుతోనే మాట్లాడుకోవడానికి వస్తారు. రాకపోతే తిరుపతిలో ఫిర్యాదు వేయండి. మీరు ఉండే చోటే వేసే హక్కు చట్టం 34వ సెక్షన్ ఇచ్చింది. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్‌లోనూ వేయవచ్చు. దారి తెలియకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి అడగండి. ఆదేశం వచ్చాక కూడా వాళ్లు డబ్బు కట్టకపోతే, 72వ సెక్షన్ కింద నెల నుంచి మూడేళ్ల వరకు జైలు పడవచ్చు.

గడువు రెండేళ్లు. ఎనిమిది నెలలు అయిపోయాయి. సమయం ఉంది కానీ చిట్లిన ఆ పైపు ముక్క ఇంకా ఉందో లేదో ఈరోజే చిత్తూరుకు ఫోన్ చేసి అడగండి. ఉంటే కవర్లో పెట్టి, తేదీ రాసి దాచుకోండి.