కార్తీకదీపం ఇన్నేళ్లు చూసింది వృథాయేనా?

“కార్తీకదీపం సీరియల్ ముగింపు చూశాక, ఇన్నేళ్లు చూసిందంతా వృథా అనిపించలేదా?” అని ఒకరు అడిగారు. నాకైతే అనిపించలేదు.

మాది కందుకూరు దగ్గర పల్లె. 2017 అక్టోబర్‌లో స్టార్ మాలో ఈ సీరియల్ మొదలైనప్పుడు మాది ప్రకాశం జిల్లా. 2023 జనవరిలో అయిపోయేనాటికి మమ్మల్ని నెల్లూరు జిల్లాలో కలిపేసి ఉన్నారు. అంత కాలం నడిచింది. రాత్రి ఏడున్నర అయ్యేసరికి మా అత్త పొయ్యి కట్టేసి వచ్చి కూర్చునేది.

అయితే నాకు గుర్తుండేది టీవీ ముందు కూర్చున్న అరగంట కాదు, మర్నాటి మాటలు. పొగాకు సీజన్‌లో మేం ఆడవాళ్లం గ్రేడింగుకు పోతాం. బ్యారన్‌లో, అంటే ఆకును వేడితో ఆరబెట్టే గదిలో, కాల్చిన ఆకును రంగు, మచ్చ చూసి వేరు చేయాలి. మధ్యాహ్నానికి వేళ్లకు జిగురు పట్టి నల్లగా అట్ట కడుతుంది. చేతుల పని చేతులదే, మాటలన్నీ సీరియల్‌లో వంట చేసి బతికే దీప గురించే.

దీప మొగుడు డాక్టర్ కార్తీక్. అతని మీద మనసుపడ్డ మోనిత, అతనికి పిల్లలు పుట్టరని అబద్ధం ఆడింది. అది నమ్మి అతను కడుపుతో ఉన్న దీపను అనుమానించాడు గదా. “అంత పెద్ద డాక్టరు, ఇంకో చోట పరీక్ష చేయించుకోకూడదా?” అని ఒకామె అనింది. దానికి మాలో అందరికన్నా పెద్దామె, “అనుమానం వచ్చిన మగోడు పరీక్షలకు ఎందుకు పోతాడు మే? పెళ్లాన్ని బయటికి నెడతాడు” అనింది. ఆమెను మొగుడు వదిలేశాడని ఊరందరికీ తెలుసు. ఎందుకని ఎవరమూ అడిగిందిలేదు. ఆ రోజు ఆకు వేరు చేస్తానే, తలెత్తకుండా తనే చెప్పింది. ఆడబిడ్డ పెళ్లికొచ్చిన చుట్టంతో నవ్వుతా మాట్లాడిందంట, అంతే. “దీపకు చేతిలో వంట పనైనా ఉంది, నాకు అప్పుడు అదీ లేకపాయె” అనింది. షెడ్డులో ఎవరమూ మాట్లాడలేకపోయాం.

ప్రేమి విశ్వనాథ్ దీప పాత్రను అంత నిజం చేసింది. మలయాళంలో ఈ కథకు మూలమైన సీరియల్‌లోనూ మొదట నటించింది ఆమే. గట్టిగా ఏడ్చే సీన్ల కన్నా, మాట పడి కూడా గరిటె వదలకుండా నిలబడే సీన్లలో ఆమె నాకు ఎక్కువ నచ్చేది.

ముగింపు బాగాలేదన్న మాట మాత్రం ఒప్పుకుంటాను. దీప తప్పు లేదని కార్తీక్‌కు తెలిసినప్పుడే ఆ కథ తీరిపోయింది. అక్కడ ఆపి ఉండాల్సింది. 2022లో ఇద్దరినీ యాక్సిడెంట్‌లో చంపేసి, వాళ్ల కూతుళ్లు హిమను, సౌర్యను పెద్దవాళ్లను చేసి, కొన్ని నెలలకే మళ్లీ దీపను, ఆమె డాక్టర్ బాబు కార్తీక్‌ను బతికించి తెచ్చారు. రేటింగు బాగున్నన్నాళ్లు డైలీ సీరియల్‌ను ఆపరు, రేటింగు పడిపోయాక కుదురుగా ముగించే తీరిక ఉండదు. అందుకే చివరి ఎపిసోడ్‌ను పట్టుకుని మొత్తాన్ని కొట్టిపారేయొద్దంటాను.

2024లో అదే జంటతో వేరే కథగా రెండో భాగం మొదలైంది. మా అత్త దాన్నీ ఇష్టంగానే చూసింది. షెడ్డులో మాత్రం అప్పటంత చర్చ లేదు, ఎవరి ఫోన్‌లో వాళ్లు ఏదో ఒకటి చూసుకుంటున్నారు. ఆ పెద్దామె మాత్రం ఇప్పుడు కొత్తగా పనికొచ్చిన పిల్లలు అడిగినా తన సంగతి దాచదు. మొగుడి పేరుతో సహా చెప్తుంది.