కారు స్ప్రింగు గట్టిదనం ఇంట్లోనే కొలవడం ఎలా?

వెనక ఎడమవైపు కారు కిందికి దిగింది, స్ప్రింగు మెత్తబడిందని మెకానిక్ అంటున్నాడు, అది నిజమో కాదో ఇంట్లో తేల్చుకోవచ్చా అని అడిగారు. తేల్చుకోవచ్చు. మా పాత హ్యాచ్‌బ్యాక్‌కి ఇదే వస్తే నేను కొలిచి చూశాను.

ముందు ఒక విషయం. కారు దిగడం వేరు, స్ప్రింగు మెత్తబడడం వేరు. గట్టిదనం తీగ మందం, చుట్టు వ్యాసం, చుట్ల సంఖ్య, ఉక్కు గుణం మీద ఆధారపడుతుంది. తుప్పు తినేస్తే తప్ప వాడకంతో ఇవి పెద్దగా మారవు. తగ్గేది పొడవు. చివరి చుట్టు విరిగితే ఇంకా విచిత్రం, కారు దిగుతుంది గానీ స్ప్రింగు మునుపటికంటే గట్టిపడుతుంది.

ఏమీ విప్పకుండా కొలవాలంటే బియ్యం బస్తాలు చాలు. కారును సమతలమైన నేల మీద న్యూట్రల్‌లో పెట్టి, ముందు చక్రానికి రెండు వైపులా రాళ్లు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ తీసేయండి. బ్రేకు పట్టి ఉంటే వెనక చక్రం కదల్లేక సస్పెన్షన్ బిగుసుకుపోతుంది, కొలత తప్పుతుంది. చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా టేపుతో కొలవండి. ఇలా కొలిస్తే టైరు నొక్కుకోవడం లెక్కలోకి రాదు. వెనక సీటు మడిచి, సరిగ్గా రెండు చక్రాల నడుమ ఒక్కో బస్తా పెడుతూ, ప్రతిసారీ కారును నాలుగైదు సార్లు ఊపి వదిలి కొలత రాసుకోండి. బస్తాలు దించేటప్పుడు కూడా రాయండి. రాపిడి వల్ల రెండు కొలతలూ కలవవు, సగటు తీసుకోవాలి. బస్తా మీద అంకె చూసుకోండి, ఇప్పుడు 25 కాక 26 కిలోలవీ వస్తున్నాయి.

100 కిలోలు పెడితే ఒక్కో పక్కకు 50. కారు 20 మిల్లీమీటర్లు దిగితే మిల్లీమీటరుకు 2.5 కిలోలు. ఇది చక్రం దగ్గర గట్టిదనం. స్ప్రింగు చక్రానికి దూరంగా లోపల ఉంటే దాని అసలు అంకె ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. మీకు కావలసింది ఎడమ, కుడి పోలిక కాబట్టి ఇది సరిపోతుంది. చివరి బస్తాలకు కారు తక్కువ దిగుతుంటే సస్పెన్షన్‌ను చివర్లో ఆపే బంప్ రబ్బరు తగిలిందని అర్థం, ఆ కొలతలు వదిలేయండి.

స్ప్రింగు ఎలాగూ బయటికి తీస్తే లెక్క కట్టొచ్చు. తీగ మందం నాలుగో ఘాతాన్ని 79,000తో (ఉక్కు గుణం చెప్పే అంకె) గుణించి, చుట్టు సగటు వ్యాసం ఘనానికి ఎనిమిది రెట్లతోనూ, పనిచేసే చుట్ల (నొక్కితే కదిలేవి, చివర్ల ఆనుకుని ఉండేవి కాదు) సంఖ్యతోనూ భాగించండి. 12 మిల్లీమీటర్ల తీగ, 120 వ్యాసం, 5 చుట్లైతే మిల్లీమీటరుకు సుమారు 23.7 న్యూటన్లు, అంటే 2.4 కిలోలు. మందం వెర్నియర్‌తో, పెయింటు గీకిన చోట కొలవాలి. 12 బదులు 11.8 అనుకుంటే జవాబు దాదాపు 7 శాతం తప్పుతుంది. పీపా ఆకారం స్ప్రింగులకు ఈ సూత్రం నప్పదు.

మా కారుకు రెండు పక్కలా గట్టిదనం ఒక్కటే వచ్చింది. బయటికి తీస్తే ఎడమది పొట్టిగా ఉంది. రెండూ కలిపి మార్పించాను, ఒక్కటే మారిస్తే మళ్లీ ఎత్తు తేడా వస్తుంది.

ముందు చక్రాల స్ప్రింగుల జోలికి మాత్రం ఇంట్లో వెళ్లకండి. షాక్‌తో కలిపి బిగించినవి ఎప్పుడూ ఒత్తిడిలోనే ఉంటాయి. స్ప్రింగును నొక్కిపట్టే కంప్రెసర్ పట్టించకుండా పై నట్టు విప్పితే స్ప్రింగు ఎగిరి మనిషి ప్రాణం తీయగలదు.