పొడవు జుట్టు పిల్లుల ఖర్చు ఎక్కడ తగ్గించాలి?

ప్రశ్న: మాకు రెండు పర్షియన్ పిల్లులున్నాయి. గ్రూమింగ్ సెలూన్‌కి, లిట్టర్‌కి (పిల్లులు మలమూత్రాలకు వాడే పెట్టెలో పోసే ఇసుకలాంటి పొడి) పెట్టేది నెలనెలా బడ్జెట్ దాటేస్తోంది. సెలూన్ మానేసి చౌక లిట్టర్‌కి మారితే ఏమైనా మిగులుతుందా?

జవాబు: సెలూన్ ఖర్చు చాలావరకు మిగులుతుంది. చౌక లిట్టర్‌తో మాత్రం మిగలకపోగా ఖర్చు పెరిగే ప్రమాదముంది.

ముందు లిట్టర్ లెక్క చూద్దాం. 50 సెం.మీ. పొడవు, 40 సెం.మీ. వెడల్పున్న పెట్టెలో 6 సెం.మీ. మందాన పోస్తే 12 లీటర్లు పడుతుంది. పిల్లుల సంఖ్య కంటే ఒక పెట్టె ఎక్కువ ఉండాలి కాబట్టి మీకు మూడు పెట్టెలు, 36 లీటర్లు. చౌకగా దొరికేది సాధారణంగా తడిసినా ఉండకట్టని రకం. అందులో మూత్రం అడుగుకి దిగిపోతుంది. వారానికోసారి మొత్తం పారబోయక తప్పదు. అంటే నెలకు సుమారు 144 లీటర్లు. ఉండకట్టే రకమైతే రోజుకు రెండుసార్లు ఉండలు తీసేసి, తగ్గినంత పోస్తే చాలు, మొత్తం మార్చడం నెలకోసారి. సంచి తెరిచిన తేదీ దాని మీదే రాయండి. అయిపోయిన రోజున ధరను రోజులతో భాగించి, ఆ అంకెతో రెండు రకాలనూ పోల్చండి. మరో లాభం: ఉండలు ఉన్నట్టుండి పెద్దవైతే కిడ్నీ జబ్బో షుగరో మొదలైందేమోనని ముందే అనుమానించవచ్చు.

రకం మార్చాల్సి వస్తే పాతదాంట్లో కొంచెం కొంచెంగా కలుపుతూ వారం, పది రోజులు తీసుకోండి. ఒక్కసారిగా మారిస్తే పిల్లి పెట్టె వదిలి పరుపు మీద మూత్రం పోయవచ్చు. పెట్టెల సంఖ్య తగ్గించినా అదే గొడవ.

ఇక దువ్వడం. వెడల్పు పళ్లు, సన్నపళ్లు రెండూ ఉన్న స్టీలు దువ్వెన ఒకటి కొంటే ఏళ్ల తరబడి పనికొస్తుంది. ఒక్కో పిల్లికి రోజూ పది నిమిషాలు కేటాయించండి. పైపైన దువ్వితే జుట్టు నిగనిగలాడుతుంది గానీ కింద చిక్కు అలాగే ఉంటుంది. వేళ్లతో పాయ తీసి, చర్మం కనబడేలా పట్టుకుని, కొసల నుంచి మొదలుపెట్టి మొదలు వరకు రండి. చెవుల వెనక, చంకల్లో, పొట్ట మీద, వెనక కాళ్ల మధ్య చిక్కు ముందుగా పడుతుంది. చిక్కుతో స్నానం చేయించకండి, తడిస్తే ఇంకా బిగుస్తుంది. కత్తెర అసలు వద్దు: చిక్కులోకి చర్మం కూడా లేచి ఉంటుంది, తెగుతుంది. జుట్టంతా అట్టకట్టిందంటే డాక్టరు మత్తిచ్చి గొరగాల్సి వస్తుంది. ఆ ఒక్క బిల్లుతో మీ ఆదా అంతా పోతుంది.

మిగిలిన సెలూన్ డబ్బు జీతం పడిన రోజే విడి ఖాతాకి మళ్లించండి. మగపిల్లి మాటిమాటికీ పెట్టెలో కూర్చుంటూ మూత్రం రాక బాధపడుతుంటే మూత్రనాళం మూసుకుపోయి ఉండవచ్చు. వెంటనే చికిత్స అందకపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. అప్పుడు డబ్బు గడువు డిపాజిట్లో ఇరుక్కుని ఉండకూడదు. ఆ చికిత్సకు ఎంతవుతుందో మీ పశువైద్యుణ్ణి ఇప్పుడే అడిగి, ఆ మొత్తాన్ని 12తో భాగించి నెలవారీ వాయిదాగా పెట్టుకోండి. బీమా తీసుకునేట్టయితే జబ్బు రాకముందే తీసుకోండి. అప్పటికే ఉన్న జబ్బులకు, మామూలు గ్రూమింగ్‌కి సాధారణంగా వర్తించదు.