ఆయిల్ రష్ కాలంలో నవ్వించే కౌబాయ్ కథ: తుపాకీ కంటే అవిసె గింజలే ఎక్కువ పనికొస్తాయి

మీరు అడిగింది: "అమెరికా ఆయిల్ రష్ నేపథ్యంలో నవ్వించే కౌబాయ్ సాహసం రాస్తున్నాను. బావి దగ్గరి పని, ఊరి వాతావరణం నమ్మేలా ఉండాలంటే ఏం తెలియాలి?"

ఆయిల్ రష్ అంటే భూమి కింది నూనె (పెట్రోలియం) కోసం జనం ఎగబడ్డ కాలం. ముందు చోటు తేల్చుకోండి. పెద్ద టోపీలు, పశువుల మందలు కావాలంటే టెక్సస్‌లో బోమాంట్ పక్కనున్న స్పిండిల్‌టాప్, 1901. నవ్వు కావాలంటే మాత్రం పెన్సిల్వేనియాలో టైటస్‌విల్, 1859. అక్కడ ఎడారి లేదు, మోకాలి లోతు బురద ఉంది. నా ఓటు బురదకే.

పాత్రలు అక్కడ రెడీగా ఉన్నాయి. అక్కడ మొదటి నూనె బావి తవ్వించిన ఎడ్విన్ డ్రేక్ రైల్వేలో కండక్టరుగా చేసినవాడు. సైన్యం మొహమే చూడలేదు. ఊళ్ళో పరపతి ఉండాలని కంపెనీవాళ్ళు ఆయనకి "కల్నల్ డ్రేక్" అని ఉత్తరాలు రాశారు, అంతే, చచ్చేదాకా కల్నలే. బోరు 16 అడుగులకే కూలిపోతుంటే 10 అడుగుల ఇనుప గొట్టం ముక్కలు ఒకదాని మీద ఒకటి దిగ్గొట్టించి, 32 అడుగుల దగ్గర రాయి తగిలాక గొట్టం లోపల్నుంచి తవ్వించాడు. మన బోర్లకి వేసే కేసింగు పని కూడా ఇదే. రోజుకి 3 అడుగుల చొప్పున ఆగస్టు 27 నాటికి 69.5 అడుగులు దిగారు. మర్నాడు ఆదివారం చూస్తే గొట్టంలో నూనె తేలుతోంది. ఆ ఉపాయానికి డ్రేక్ పేటెంటు తీసుకోలేదు.

డ్రేక్‌కి ఆవిరి ఇంజనుంది. డబ్బులేనివాళ్ళు స్ప్రింగ్ పోల్ వాడేవారు. ఏతం చూసినవాళ్ళకి ఇది సులువుగా అర్థమవుతుంది. వంచితే మళ్ళీ లేచే పొడవాటి కర్ర మొదలు నేలలో బిగించి, మధ్యలో ఆసరా పెట్టి, కొన బోరు మీదికి వచ్చేలా ఉంచుతారు. కొనకి తాడు, తాడుకి బిట్టు (రాయిని పొడిచే ఇనుప ఉలి), పక్కన కాళ్ళు పెట్టడానికి రెండు రికాబులు. ఇద్దరు కలిసి తన్నితే బిట్టు రాయిని గుద్దుతుంది, కర్ర దాన్ని మళ్ళీ పైకి లాగుతుంది. ప్రతి దెబ్బకీ బిట్టుని కాస్త తిప్పుతుండాలి. మరిచిపోతే బోరు గుండ్రంగా రాదు, బిట్టు ఇరుక్కుంటుంది. రాతిపొడి అడుగున గంజిలా పేరుకుంటే దెబ్బ తగలదు. అప్పుడు బిట్టు పైకి తీసి, అడుగున వాల్వున్న సన్నటి బెయిలర్ దింపి తోడాలి. తాడు తెగి పనిముట్లు లోపల పడితే ఇక ఫిషింగే, అంటే పడ్డవాటిని పైనుంచి పట్టి లాగడమే. రిగ్గుల మీద ఇప్పటికీ అదే మాట.

ఇక అవిసె గింజలు. నన్నడిగితే కథకి ఇరుసు ఇదే. బావిలో పైన నీటి పొరలు, కింద నూనె ఉన్న రాయి. పంపు గొట్టం దించేముందు దాని చుట్టూ తోలు సంచి తొడిగి, అవిసె గింజలు నింపి, పైనా కిందా కట్టి, నీటి పొరల దిగువకి చేరేలా దించుతారు. గింజలు నానీ ఉబ్బీ గొట్టానికీ బోరు గోడకీ మధ్య సందుని బిగించేస్తాయి. ఆగలేక ముందే పంపు కొడితే నీళ్ళే వస్తాయి. అసలు తంటా గొట్టం పైకి లాగినప్పుడు. సంచి ఊడి, పైనీళ్ళన్నీ నూనె రాతిలోకి దిగి, పక్కవాడి బావి కూడా పాడవుతుంది. మీ విలన్‌కి తుపాకీ దేనికి? "నా గొట్టం పీకేస్తా" అంటే చాలు, ఊరంతా కాళ్ళ మీద పడుతుంది.

తొందర ఎందుకంటే, భూమి కింది నూనె ఎవడు ముందు తోడితే వాడిదే. పక్క పొలంలో బోరు పడి మన బోరు ఎండిపోవడం మనకి తెలియనిది కాదు కదా. అందుకే పొలాలు ముక్కలై, డెరిక్కులు (బావి మీది ఎత్తైన చట్రాలు) ఒకదాన్నొకటి రాసుకునేంత దగ్గరగా లేచాయి. చోటు చూపించడానికి పంగల కర్ర పట్టుకున్నవాళ్ళూ ఉండేవారు. టైటస్‌విల్‌కి దగ్గర్లోని పిట్‌హోల్ అనే చోట తొలి బావిని అలాగే చూశారంటారు. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి నీళ్ళు చూసే మనిషిని ఆ పక్కన ఊహించుకోండి, సీను దానంతటదే వస్తుంది.

లెక్కలూ నవ్విస్తాయి. 1860 మొదట్లో పీపా 20 డాలర్ల దాకా పలికిన నూనె, వేల పీపాలు వాటంతట అవే చిమ్మే బావులు పడ్డాక, 1861 చివరికి 10 సెంట్లకి దిగింది. ఖాళీ పీపా అంతకు ఎన్నో రెట్లు ఖరీదు. పీపా కొలత 42 గాలన్లు: 40 సరుకు, 2 దారిలో కారిపోయేదానికి.

బందిపోట్ల స్థానంలో నూనె పీపాలు తోలే బండివాళ్ళని పెట్టండి. 1865లో శామ్యూల్ వాన్ సైకెల్ పిట్‌హోల్ నుంచి 5 మైళ్ళకి పైగా 2 అంగుళాల గొట్టం వేస్తే, కిరాయి పోతుందని వాళ్ళు గొట్టాలు పీకేశారు. ఆయన తుపాకులతో కాపలా పెట్టాల్సొచ్చింది. మీకు కావలసిన తుపాకులు ఇక్కడ దొరుకుతాయి.

రాత్రి సీనుకి మూన్‌లైటర్లు. బావి తగ్గితే అడుగున పేలుడు డబ్బా దించి, పైన నీళ్ళు నింపి, ఇనుప బరువు జారవిడిస్తే రాయి పగిలి నూనె వస్తుంది. 1866లో ఎడ్వర్డ్ రాబర్ట్స్ దీనికి పేటెంటు తీసుకుని, ఫీజు కాక అదనంగా వచ్చే నూనెలో 15వ వంతు అడిగాడు. అది ఎగ్గొట్టడానికి చాటుగా రాత్రిపూట పేల్చేవాళ్ళే మూన్‌లైటర్లు. వాళ్ళని పట్టడానికి ఆయన డిటెక్టివులని పెట్టాడు. సరుకు నైట్రోగ్లిజరిన్, గుంతలో బండి ఎగిరితే చాలు. దాదాపు 13 డిగ్రీల సెల్సియస్‌కే గడ్డకడుతుంది, దాన్ని కరిగించబోయి పోయినవాళ్ళూ ఉన్నారు. చలికాలం, పొయ్యి పక్కన డబ్బా, అది నూనె డబ్బా అనుకునే అమాయకుడు.

నూనె చిమ్మితే హీరో తడిసి గంతులేసే సీను ఒక్కటి మానేయండి. 1861 ఏప్రిల్‌లో హెన్రీ రౌజ్ బావి అంటుకుని ఆయనతో కలిపి 19 మంది పోయారు. పాశర్లపూడి గ్యాస్ బావి బ్లోఅవుట్ గుర్తున్న కోనసీమవాళ్ళు ఆ గంతులకి నవ్వరు. చిమ్మగానే బాయిలరు మంట ఆర్పడానికీ, నోట్లో చుట్టలు పీకి పారేయడానికీ పరిగెత్తించండి, కంగారులోనే నవ్వుంది.

ఊరికి పిట్‌హోల్‌నే వాడుకోండి. 1865 మేలో ప్లాట్లు వేశారు, సెప్టెంబరుకి 15,000 జనం, 50కి పైగా హోటళ్ళు, తాగడానికి మంచినీళ్ళు మాత్రం కరువు. తర్వాత బావులు తగ్గాయి, అగ్నిప్రమాదాలు వరసకట్టాయి, గొట్టం వచ్చి బండివాళ్ళు వెళ్ళిపోయారు. 1878లో ఊరి స్థలం మొత్తం 4 డాలర్ల 37 సెంట్లకి అమ్ముడుపోయింది.