హన్మకొండలో ఉండి బయోటెక్ స్టార్టప్ పెట్టాలంటే సైన్స్ పార్కులో చేరాలా? చేరితే ఏ పనికి, ఎన్ని నెలలు?

ప్రశ్న ఇది: కాకతీయ యూనివర్సిటీ (కేయూ)లో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదివిన ఇద్దరు మిత్రులు, మిరప నారు దశలోనే ఆకుముడత తెగులు తెచ్చే జెమిని వైరస్‌ను పట్టిచ్చే కిట్ చేద్దామనుకుంటున్నారు. హైదరాబాద్ శివార్లలో బయోటెక్ కంపెనీలుండే జీనోమ్ వ్యాలీ వైపు, స్టార్టప్‌లకు ల్యాబు అద్దెకిచ్చే సైన్స్ పార్కులో చేరితే ఏం దొరుకుతుంది, కేయూ, ఎన్ఐటీలతో కలిసి పని చేయడం ఎట్లా, మకాం హైదరాబాద్‌కు మార్చాలా అని అడిగారు.

మకాం మార్చాల్సిన పనిలేదు. మీ పనిలో పార్కు లేకుండా జరగనివి కొన్నే. వాటికి ఆరేడు నెలల బెంచి (ల్యాబులో అద్దెకు తీసుకునే పని బల్ల) చాలు. మిగతాదంతా వరంగల్‌లోనే బాగా జరుగుతుంది, ఎందుకంటే మీ నమూనాలు, మీ రైతులు, మీ నర్సరీలు ఇక్కడే ఉన్నాయి. అయితే ఆ ఆరేడు నెలలు ఏవన్నది మీరు కాదు, పంట చెప్పాలి. దాని సంగతి కింద రాశాను.

ముందు పార్కు ఏమిస్తుందో చూద్దాం. షామీర్‌పేట దగ్గర తుర్కపల్లిలో 200 ఎకరాల్లో ఉన్న ఐకేపీ నాలెడ్జ్ పార్క్ 1999లో మొదలైంది. హైదరాబాద్‌లో సీసీఎంబీ పరిశోధనా సంస్థకు, సెంట్రల్ యూనివర్సిటీకి కూడా స్టార్టప్‌లకు చోటు, యంత్రాలు ఇచ్చే ఇంక్యుబేటర్లు ఉన్నాయి. మీది వ్యవసాయ కిట్ కాబట్టి పటాన్‌చెరు ఇక్రిశాట్ ఇంక్యుబేటర్‌ను, రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల అగ్‌హబ్‌ను కూడా అడగండి. పేర్లు ఏవైనా, మీరు కట్టే అద్దెలో ఉండేవి దాదాపు ఒకటే: యాసిడ్‌కు తట్టుకునే బెంచి, శుద్ధి ప్లాంటుకు కలిపిన డ్రెయిను, జనరేటర్ కరెంటు, గంటల లెక్కన వాడుకునే పెద్ద యంత్రాలు, వ్యర్థాలు తీసుకెళ్లే ఒప్పందం, జీవభద్రతా కమిటీ.

ఇవి ఇంట్లో ఎందుకు పెట్టుకోలేం అనే ప్రశ్న న్యాయమైనదే. నయీంనగర్‌లో రెండు గదుల పోర్షన్ తీసుకుని ల్యాబ్ పెడితే మొదట దెబ్బ తగిలేది కరెంటు దగ్గర. మైనస్ 80 ఫ్రీజర్ తన వేడినంతా గదిలోకే వదులుతుంది. చాలా మోడళ్లకు గది వేడి 32 డిగ్రీలు దాటకూడదు. మే నెలలో వరంగల్ బయట 44 ఉన్నప్పుడు ఒక ఏసీ చాలదు, రెండు మార్చి మార్చి నడపాలి. మామూలు ఇంటి ఇన్వర్టర్ ఆ కంప్రెసర్ స్టార్టింగ్ కరెంటును మోయలేదు. రెండో దెబ్బ లామినార్ ఫ్లో దగ్గర. తక్కువ ధరకు దొరుకుతుందని చాలామంది దాన్నే కొని బయోసేఫ్టీ క్యాబినెట్ అనుకుంటారు. అడ్డంగా గాలి కొట్టే లామినార్ మీ నమూనాను కాపాడుతుంది, గాలిని మాత్రం నేరుగా మీ ముఖం మీదికి తోలుతుంది. మొక్కల ఆకులకు ఇబ్బంది లేదు. మనుషుల రక్తం, కఫం ముట్టుకునే పనికైతే క్లాస్ 2 క్యాబినెట్ తప్పనిసరి.

జీవభద్రతా కమిటీ సంగతి. మీ కిట్‌లో పాజిటివ్ కంట్రోల్‌గా (పరీక్ష పనిచేస్తోందని చూపే నమూనాగా) వైరస్ జన్యువు ముక్కను ప్లాస్మిడ్ అనే గుండ్రటి డీఎన్ఏలో పెట్టి ఈ.కోలై బ్యాక్టీరియాలో పెంచుతారు కదా, అది రీకాంబినెంట్ డీఎన్ఏ పని. ప్రమాదం తక్కువ రకమే అయినా సంస్థాగత జీవభద్రతా కమిటీ రికార్డులో ఉండాలి. ఆ కమిటీలో డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ విభాగం) నామినీ, బయటి నిపుణుడు, వైద్యుడు ఉంటారు. ఇద్దరు మనుషుల కంపెనీ దాన్ని సొంతంగా కట్టుకుని సమావేశాలు జరపడం నెలల పని. పార్కుకు ఉన్న కమిటీ ముందు మీ రెండు పేజీల ప్రతిపాదన పెడితే సరిపోతుంది. సమావేశాలు ఎప్పుడెప్పుడో జరుగుతాయి కాబట్టి చేరిన వారంలోనే తర్వాతి తేదీ కనుక్కుని పెట్టండి.

ఇక అసలు పని. పొలం దగ్గర వాడే పరీక్షకు పీసీఆర్ కన్నా ల్యాంప్ పద్ధతి నయం. రెండూ డీఎన్ఏను కాపీలు చేసి గుర్తించేవే, ల్యాంప్‌కు మాత్రం ఒకే ఉష్ణోగ్రత చాలు, 65 డిగ్రీలు, అరగంట నుంచి 40 నిమిషాలు. మిరప ఆకుముడత వైరస్ డీఎన్ఏ వైరస్ కాబట్టి ఆర్ఎన్ఏను డీఎన్ఏగా మార్చే రివర్స్ ట్రాన్స్‌క్రిప్షన్ దశ అక్కర్లేదు, ఇది మీకు పెద్ద వెసులుబాటు. కానీ ల్యాంప్‌తో వచ్చే చిక్కు కాలుష్యం, అంటే ఒక ట్యూబు డీఎన్ఏ ఇంకోదాంట్లో పడడం. ఒక్క 25 మైక్రోలీటర్ల ట్యూబులో కోట్ల కొద్దీ కాపీలు తయారవుతాయి. అయిపోయాక ఆ ట్యూబు మూత ఒక్కసారి తెరిచినా గదంతా డీఎన్ఏ తుంపరే. ఆ తర్వాత ప్రతి పరీక్షా పాజిటివే చూపిస్తుంది, వారాల తరబడి. అందుకే మూడు గదులు కావాలి: మిశ్రమం కలిపేది ఒకటి, ఆకు నలిపేది ఒకటి, వేడి చేసేది ఒకటి. మనిషి, కోటు, పిపెట్ అన్నీ మొదటి గది నుంచి మూడో గదికే పోవాలి, తిరిగి రాకూడదు. రంగు మారడం మూత తీయకుండానే కనిపించేలా డిజైన్ చేయండి. ప్రతి ఎనిమిది ట్యూబుల్లో ఒకటి ఆకు రసం లేని ఖాళీ కంట్రోల్ పెట్టండి. అది పాజిటివ్ వస్తే ఆ రోజు కలిపినదంతా పారబోయడమే. గంట దాటితే ఏ వైరస్ లేకున్నా ప్రైమర్లు (వైరస్ డీఎన్ఏను వెతికి అతుక్కునే చిన్న డీఎన్ఏ ముక్కలు) తమలో తామే అతుక్కుని సిగ్నల్ ఇవ్వొచ్చు. కాబట్టి 40 నిమిషాలకు చదివి ఆపేయమని కిట్ మీదే అచ్చు వేయాలి.

పార్కు చూడటానికి వెళ్లినప్పుడు మొదట అడగాల్సింది ఈ మూడు గదుల గురించే. పక్క కంపెనీ కూడా అదే గదిలో ప్లాస్మిడ్లు తీస్తుంటే ఎంత మంచి పార్కైనా మీకు పనికిరాదు.

రెండోది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, ఫ్రీజ్ డ్రైయింగ్, అంటే గడ్డకట్టించి వ్యాక్యూమ్‌లో ఎండబెట్టడం. మీ కిట్ నర్సంపేటలోనో మహబూబాబాద్‌లోనో ఎరువుల దుకాణంలో రేకుల కప్పు కింద ఉండాలి. అక్కడ ఫ్రిజ్ ఉండదు. డీఎన్ఏను కాపీ చేసే ఎంజైమ్ ద్రవంగా ఉంటే ఆ వేడికి ఎక్కువ రోజులు నిలవదు. పొడిగా మార్చాలంటే మొదటి అడ్డంకి గ్లిజరాల్. మార్కెట్లో దొరికే ఎంజైమ్‌లు ఎక్కువగా 50 శాతం గ్లిజరాల్‌లో వస్తాయి, అది ఎండదు, అడుగున జిగురులా మిగిలిపోతుంది. గ్లిజరాల్ లేని ఎంజైమ్‌ను ప్రత్యేకంగా ఆర్డర్ చేయాలి. అది దిగుమతి సరుకు, వారాలు పడుతుంది, దారంతా చల్లగా రావాలి. బెంచి అద్దె మొదలయ్యాక ఆర్డర్ పెడితే ఖాళీ బెంచికి అద్దె కట్టినట్టే. ట్రెహలోజ్ లాంటి చక్కెర కలిపి, మైనస్ 40 దాకా గడ్డకట్టించి, వ్యాక్యూమ్‌లో మెల్లగా వేడి పెంచాలి. తొందరపడి వేడి పెంచితే పొడి బిళ్ల కుంగిపోయి ట్యూబు గోడకు అతుక్కుంటుంది. అది తర్వాత నీళ్లలో సరిగా కరగదు. మిగిలిన తేమ 2, 3 శాతం లోపు ఉందో లేదో కార్ల్ ఫిషర్ యంత్రంతో కొలవండి. ఎండబెట్టడం బాగా కుదిరినా, మూత వేసే గదిలో గాలి తేమగా ఉంటే వానాకాలంలో నిమిషాల్లో పొడి తేమ పీల్చేస్తుంది. తేమ 20 శాతం లోపు ఉంచే గది, అల్యూమినియం పౌచ్, లోపల సిలికా పొట్లం, ఈ మూడూ కావాలి. ఫ్రీజ్ డ్రైయరు, తేమ కొలిచే యంత్రం, పొడి గది ఇట్లా ఒకే ఆవరణలో గంటల లెక్కన దొరకడం వరంగల్‌లో కష్టం. మీరు పార్కుకు అద్దె కట్టేది ముఖ్యంగా దీనికే. తర్వాత 45 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో (ఇది వేడి నిలకడగా ఉంచే పెట్టె) మూడు నెలలు పెట్టి, ప్రతి రెండు వారాలకు కొన్ని ట్యూబులు తీసి పరీక్షించండి.

ఇప్పుడు క్యాలెండర్. మిరప నారు పోసేది జూలై, ఆగస్టుల్లో. ఆ రెండు నెలల్లో కిట్ చేతిలో లేకపోతే ఆ ఏడాది నారు పరీక్ష పోయినట్టే, మళ్లీ వచ్చే వానాకాలం దాకా ఆగాలి. పొలంలో పెద్ద మొక్కకు వైరస్ ఉందని చెప్పినా రైతుకు ఒరిగేది తక్కువ, దానికి మందు లేదు. నారుమడిలో, ప్రోట్రే (ప్లాస్టిక్ గుంటల ట్రే) నర్సరీలో చెబితేనే విలువ. కాబట్టి బెంచి డిసెంబరులో మొదలై జూన్‌కు అయిపోవాలి. డిసెంబరు నుంచి ప్రైమర్లు, మిశ్రమం. ఫిబ్రవరి, మార్చిలో ఫ్రీజ్ డ్రైయింగ్. ఏప్రిల్ నుంచి వేడి పరీక్ష. బయోటెక్ స్టార్టప్‌లకు కేంద్ర సంస్థ బిరాక్ ఇచ్చే బిగ్ గ్రాంటు పిలుపు ఏటా జనవరి 1కి, జూలై 1కి వస్తుంది. 18 నెలలకు 50 లక్షల దాకా ఇస్తారు, వ్యక్తిగా కూడా దరఖాస్తు పెట్టొచ్చు. దరఖాస్తుకు, డబ్బు చేతికి రావడానికి మధ్య నెలలు గడుస్తాయి. గ్రాంటు వచ్చాకే బెంచి తీసుకుంటాం అనుకుంటే పంట దాటిపోతుంది, మొదటి రెండు మూడు నెలల ఖర్చు వేరే చూసుకోండి. మైలురాళ్లు రాసేటప్పుడు "కిట్ మెరుగుపరచడం" అని రాయకండి. "45 డిగ్రీల వద్ద 90 రోజుల తర్వాత ఫలానా కాపీల సంఖ్యను 20లో 19 సార్లు గుర్తించాలి" అని రాస్తే తర్వాతి విడత అడిగేటప్పుడు వాదన ఉండదు. గ్రాంటుకు విడి బ్యాంకు ఖాతా పెట్టి, ప్రతి బిల్లు దాచండి.

వరంగల్‌లో చేయాల్సింది నమూనాల పని. రైతు దృష్టిలో ఆకు ముడుచుకుంటే అంతా ఒకటే. తామర పురుగు పడితే పైముడత, నల్లి పడితే కింది ముడత, తెల్లదోమ మోసుకొచ్చేది వైరస్. ఈ మూడింటిలో వైరస్ ఏదో విడిగా చూపించడమే మీ కిట్ అమ్ముడుపోయే కారణం, కాబట్టి మూడు రకాల ఆకులూ సేకరించాలి, ఆరోగ్యంగా ఉన్నవీ కావాలి. హైదరాబాద్ పంపడానికి డ్రై ఐస్ అక్కర్లేదు. గ్రాము ఆకును ఫిల్టర్ పేపర్ సంచిలో వేసి, 10 గ్రాముల నారింజ రంగు సిలికా జెల్‌లో పాతిపెడితే ఒకటి రెండు రోజుల్లో ఎండి, డీఎన్ఏ గది వేడిలోనే నిలుస్తుంది. జెల్ ఆకుపచ్చగా మారితే మార్చండి. తామర పురుగు మోసే ఆర్ఎన్ఏ వైరస్‌లను కూడా చూడాలనుకుంటే మాత్రం ఇది చాలదు, చల్లదనం కావాలి. ఆకు రసంలోని పాలీఫినాల్స్ ఎంజైమ్‌ను ఆపేస్తాయి. రసం తీసే ద్రావణంలో వాటిని పట్టి ఉంచే పీవీపీ పొడి కలపండి, అప్పటికీ ఆగితే రసాన్ని పది రెట్లు పలచన చేసి చూడండి.

కలిసి పని చేయడానికి ఎవరెవరు: పొలాలు, తెగుళ్ల అనుభవం వరంగల్ ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానంలో ఉంది. పోల్చి చూసే పీసీఆర్‌కు కేయూ ల్యాబ్‌నో ఎన్ఐటీ బయోటెక్నాలజీ విభాగాన్నో అడగండి. 65 డిగ్రీల బ్యాటరీ హీటర్‌కు ఎన్ఐటీ విద్యార్థులనో, అనంతసాగర్‌లోని ఎస్ఆర్ఐఎక్స్ స్టార్టప్ ఇంక్యుబేటర్‌నో అడగొచ్చు. నమూనాలకు నంబర్లు వేసేది పరిశోధనా స్థానం వాళ్లే కావాలి, ఏది ఏమిటో మీకు తెలియకూడదు. ఎన్ని కావాలంటే, పీసీఆర్‌తో, సీక్వెన్సింగ్‌తో ఖాయమైన 60 పాజిటివ్‌లను పరీక్షించి ఒక్కటీ తప్పకపోతేనే "95 శాతం పైన పట్టేస్తుంది" అని ధైర్యంగా అనగలరు. 20కి 20 వచ్చినా ఆ మాట అనలేరు. నెగెటివ్‌లకూ అదే లెక్క.

ఫోటో దిగే ఎంఓయూ (అవగాహన పత్రం)తో ఆగిపోకండి, అందులో ఎవరికీ బాధ్యత ఉండదు. పరిశోధనా ఒప్పందంలో నాలుగు సంగతులు స్పష్టంగా ఉండాలి: ఎవరు ముందే తెచ్చిన పరిజ్ఞానం ఎవరిది, కలిసి కనుక్కున్నది ఎవరిది, పేపరు అచ్చుకు ముందు మీరు చూసుకోవడానికి ఎన్ని రోజులు, వైరస్ నమూనాలు, ప్రైమర్లు మూడో మనిషికి ఇవ్వొచ్చా లేదా. ఎక్కువగా గొడవ వచ్చేది మూడో దగ్గర. విద్యార్థికి థీసిస్ గడువు ఉంటుంది, పోస్టర్ పెట్టేస్తాడు, ప్రైమర్ వరుస బయటపడుతుంది, పేటెంట్‌కు కొత్తదనం పోతుంది. అతని తప్పేమీ లేదు, ముందే మాట్లాడుకోకపోవడమే కారణం. పోస్టర్‌కు ముందే ప్రొవిజనల్ (తాత్కాలిక) పేటెంట్ దరఖాస్తు వేయండి. స్టార్టప్‌కు ఆన్‌లైన్ ఫీజు 1,600 రూపాయలే, పూర్తి వివరణకు 12 నెలలు ఉంటాయి. పేటెంట్ చట్టం 3(ఐ) సెక్షన్ మనుషుల, పశువుల రోగ నిర్ధారణ పద్ధతులను అడ్డుకుంటుంది, మొక్కల ఊసు అందులో లేదు, ఇది మీకు అనుకూలం. ప్రకృతిలో ఉన్న వైరస్ జన్యువు వరుసను మాత్రం అట్లాగే క్లెయిమ్ చేయలేరు. వైరస్ ఇక్కడి జీవ వనరు కాబట్టి పేటెంట్ మంజూరుకు ముందే జాతీయ జీవవైవిధ్య సంస్థ దగ్గర నమోదు చేయాలి.

ఇదే ప్రశ్న మనుషుల పరీక్షా కిట్ గురించి ఉన్నవాళ్లకు ఒక మాట: ఎంజీఎం ఆసుపత్రి నమూనాలు ముట్టుకునే ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి, రోగి రాతపూర్వక సమ్మతి కావాలి. కొద్దిపాటి తయారీకి కూడా 2017 వైద్య పరికరాల నిబంధనల కింద ఎండీ-12 దరఖాస్తు పెట్టి ఎండీ-13 లైసెన్సు తీసుకోవాలి. మీ దారి అంత పొడవు కాదు.

పార్కు ఒప్పందం చదివేటప్పుడు: కొన్ని ఇంక్యుబేటర్లు అద్దె తగ్గించి కంపెనీలో కొంత వాటా అడుగుతాయి, ఎంత, ఏ దశలో అన్నది చూడండి. జనరేటర్ ఏ సాకెట్లకు ఉందో చూపించమనండి, అన్నిటికీ ఉండదు. రాత్రి, ఆదివారం లోపలికి రానిస్తారా? ఫ్రీజ్ డ్రైయింగ్ ఒక్కో విడత ఒకటి రెండు రోజులు ఆగకుండా నడుస్తుంది, మధ్యలో గేటు మూస్తే కుదరదు. యంత్రం చెడిపోతే ఎన్ని రోజుల్లో బాగు చేయిస్తారు, అప్పటిదాకా అద్దె తగ్గుతుందా? ఖాళీ చేసేటప్పుడు మీ నమూనాలు, నోట్‌బుక్కులు మీవేనని రాసి ఉందా?

దారి సంగతి: హన్మకొండ నుంచి బైపాస్ మీదుగా ఘట్‌కేసర్ దాకా వెళ్లి, ఓఆర్ఆర్ ఎక్కి షామీర్‌పేట దగ్గర దిగితే నగరంలోకి పోకుండానే తుర్కపల్లి చేరొచ్చు. కరీంనగర్, సిద్దిపేట వాళ్లకు రాజీవ్ రహదారి మీదే పడుతుంది. ఇద్దరిలో ఒకరు సోమవారం నుంచి గురువారం దాకా అక్కడ, ఒకరు ఇక్కడ ఉండేలా చేసుకుంటే బెంచి ఖాళీగా ఉండదు, నర్సరీల పనీ ఆగదు.

ఏ పార్కుకైనా ఫోన్ చేసే ముందు ఒక పేజీ రాసుకోండి: ఏ యంత్రం, నెలకు ఎన్ని గంటలు, ఏ నెలల్లో, ఎన్ని గదులు, ఏ జీవభద్రతా స్థాయి. ఆ పేజీ ఉంటే ఎంపిక కమిటీ అడిగే ప్రశ్నల్లో చాలావాటికి జవాబు అందులోనే ఉంటుంది. చూడటానికి వెళ్లిన రోజు ఫ్రీజ్ డ్రైయర్ లాగ్‌బుక్ తెరిచి గత మూడు నెలల పేజీలు చూడమని అడగండి. రోజూ నిండి ఉంటే మీ వంతు రాదు, అసలు ఖాళీగా ఉంటే యంత్రం నడవడం లేదని అనుమానించాలి.